ధనంబోడుకి ఏ కెమేరా పట్టుకెళ్ళాలి?

నా దగ్గర రెండు కెమేరాలున్నాయి. ఒకటి నికాన్ డి90, 2008లో మార్కెట్లోకి వచ్చిన డిజిటల్ ఎస్సెల్లార్. రెండోది ఒలింపస్ టఫ్ టీజీ-6, 2019 నాటిది. నీళ్ళల్లో మునిగినా చేతిలోంచి జారిపడినా తట్టుకునే చిన్న కెమేరా. రెండూ పన్నెండు మెగాపిక్సెళ్ళవే. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళేటప్పుడు జగ్గయ్యపేట దగ్గర హైవే దిగి, చుట్టుపక్కల పాత రాళ్ళూ గుళ్ళూ ఫోటోలు తీసే అలవాటుంది నాకు. "ఆ రెండిట్లో ఏది మంచిది బాస్?" అని ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెడితే రెండు నిమిషాల్లో తేలిపోయే ప్రశ్నే అనిపిస్తుంది. నాకు మాత్రం దీని జవాబు కెమేరా కంపెనీల బ్రోచర్లలో కాకుండా కృష్ణా జిల్లా చరిత్రలో దొరికింది. కాస్త పెద్ద కథ, ఓపిగ్గా చదవండి.

కృష్ణా జిల్లా అనగానే అందరికీ డెల్టా, కాలవలు, వరిచేలు గుర్తొస్తాయి. జగ్గయ్యపేట, నందిగామ వైపు అలా ఉండదు. అది మెట్ట. పత్తి, మిరప, మధ్యమధ్య రాతి గుట్టలు, నేల కింద సున్నపురాయి. (2022 ఏప్రిల్ నుంచి ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. మా నోట్లోంచి కృష్ణా జిల్లా అన్నమాట ఇంకా పోలేదు లెండి.) జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నది ఆ సున్నపురాయి మీదే. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ శిల్పులు ఉలి పెట్టింది కూడా సున్నపురాయికే. జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే గుట్ట మీద వాళ్ళు కట్టిన స్తూపం తాలూకు అవశేషాలున్నాయి.

ఇప్పుడు ధనంబోడు ఎక్కితే కనిపించేది స్తూపం అడుగుభాగమే. అక్కడ దొరికిన శిల్పాల్లో అన్నిటికంటే పేరున్నది మాంధాత ఫలకం. చక్రవర్తి చెయ్యి పైకెత్తితే మేఘాల్లోంచి నాణేలు కురుస్తున్న దృశ్యం. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం వగైరా చక్రవర్తి సప్తరత్నాలు. కురుస్తున్న నాణేలు గుండ్రంగా ఉండవు, నలుచదరంగా ఉంటాయి. క్రీస్తు పూర్వం నాటి శిల్పం కదా, అప్పటి నాణేలు అలాంటివే. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. అంటే మా ఊరి శిల్పాన్ని చూడాలంటే మేము చెన్నై రైలెక్కాలి.

రాయి ఒకచోట, ఊరు ఒకచోట అవడం ఎలా మొదలైందో తెలియాలంటే ముందు కృష్ణ దాటి అమరావతి వెళ్ళాలి. ఈ రెండు ఊళ్ళనీ కలిపే మనిషి ఒకాయనున్నాడు, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. బేతవోలు అనే పల్లెని పేటగా పెంచి, తన తండ్రి జగ్గన్న పేరు పెట్టినవాడు ఆయనే. 18వ శతాబ్దం చివర్లో చింతపల్లి వదిలేసి అమరావతిలో కొత్త రాజధాని కట్టుకున్నాడు. కట్టడానికి ఇటుకా రాయీ కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే బ్రహ్మాండమైన ఇటుకలు, చెక్కిన రాళ్ళు. అదే అమరావతి మహాస్తూపం అని అప్పుడెవరికీ తెలియదు.

ఈ సంగతి విని వచ్చి చూసినవాడు కాలిన్ మెకంజీ. మన కావలి సోదరులని వెంటేసుకుని దక్షిణాది అంతా చరిత్ర సేకరించిన సర్వేయరు. ఆయన 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ మధ్యభాగం చాలావరకు పోయింది. మిగిలిన రాళ్ళని తన చిత్రకారులతో కాగితాల మీద గీయించాడు, స్థలానికి ప్లాన్లు వేయించాడు. ఫోటోగ్రఫీ ఇంకా పుట్టలేదు. ఉన్నదల్లా పెన్సిలూ, కాగితమూ, ఎండలో కూచుని గీసే మనిషీ. ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్ని శిల్పాలకి అసలు రాయి ఇవాళ ఎక్కడా లేదు. సున్నం బట్టీలోకి పోయిందో, ఎవరింటి మెట్టు కిందికి పోయిందో! మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. మన భాషలో చెప్పాలంటే ఒరిజినల్ డిలీట్ అయిపోయింది, తక్కువ రిజల్యూషన్ బ్యాకప్ ఒక్కటి బతికింది.

తరవాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి కొన్ని రాళ్ళని మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ళ తరబడి ఆరుబయట పడున్నాయి. 1858లో మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరు లీనియస్ ట్రైప్ వాటికి ఫోటోలు తీశాడు. ఆ కాలంలో కెమేరా అంటే పెద్ద చెక్కపెట్టె. దానికి తోడు స్టాండు, రసాయనాలు, చీకటి గుడారం. ప్రయాణమంటే ఎడ్లబండ్లు కట్టాలి. ఫోటోలు మాత్రం అద్భుతం. రాతి మీద ఉలి పోట్లు కూడా లెక్కపెట్టేలా ఉంటాయి. మరుసటి ఏడు, 1859లో, ఆ రాళ్ళని ఓడెక్కించి లండన్ పంపేశారు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ట్రైప్ ఫోటోలు మెకంజీ బొమ్మల కంటే ఎన్నో రెట్లు స్పష్టం. అయినా ఏ రాయి స్తూపంలో ఎక్కడ ఉండేదో అవి చెప్పలేవు, ఎందుకంటే అప్పటికే రాళ్ళు ఊరు దాటేశాయి. ఇలియట్ తవ్వకానికి సరైన లెక్కలూ మిగల్లేదు. అమరావతి స్తూపాన్ని కాగితం మీద తిరిగి నిలబెట్టడానికి పండితులు ఇన్నేళ్ళుగా తంటాలు పడుతున్నారంటే దానికి పెద్ద కారణం ఇదే. పైగా 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు హుకుంతో దిబ్బనంతా "శుభ్రంగా" తవ్వించేశారు. ఆ తరవాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కి మిగిలింది పెద్ద గొయ్యి.

ఆ బర్జెస్సే 1882లో జగ్గయ్యపేట స్తూపాన్ని సర్వే చేశాడు. ఇక్కడ కూడా అప్పటికే జనం రాళ్ళు పట్టుకుపోయారు. అయితే అమరావతిలో జరిగినట్టు ఇక్కడ జరగలేదు. మిగిలినదాన్ని కొలిచి, ప్లాను గీసి, శాసనాలకి నకళ్ళు తీసుకున్నారు. 1887లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం పేరులోనే అమరావతితో పాటు జగ్గయ్యపేట కూడా ఉంది. ఆయక స్తంభాల మీది శాసనం వివరంగా చదవగలిగారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం, వర్షాకాలం 8వ పక్షం, 10వ రోజు. సిద్ధార్థుడనే శిల్పి, తన తల్లి, భార్య, పిల్లలు, సోదరుడి కుటుంబంతో కలిసి, వెలగిరి మీది మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు స్తంభాలు నిలబెట్టించాడని దాని సారాంశం.

దీన్ని మన కళ్ళతో చూడండి. తేదీ ఉంది. స్థలం ఉంది, అదీ "తూర్పు ద్వారం" అన్నంత కచ్చితంగా. చేయించినవాడి పేరుంది. ఎన్నో కూడా ఉంది. ఇది అచ్చంగా 3వ శతాబ్దపు మెటాడేటా! ఫోటో ఫైల్లో ఎగ్జిఫ్ అని మనం రాసుకునేదాన్ని సిద్ధార్థుడు రాతి మీద రాసుకున్నాడు. అది బతకబట్టే పదిహేడు వందల ఏళ్ళ తరవాత కూడా ఆయనెవరో మనకి తెలిసింది. ఇక్ష్వాకుల కాలంలో ఈ గుట్టని వెలగిరి అనేవారని తెలిసింది కూడా దాని వల్లే.

ఇక కెమేరాల దగ్గరికి వద్దాం. నా రెండు కెమేరాలవీ వేరువేరు వంశాలు.

టఫ్ కెమేరాల వంశం సముద్రంలో మొదలైంది. 1960 ప్రాంతంలో జాక్ కూస్తో బృందం కోసం జాన్ ద వూతర్ అనే ఇంజినీరు కాలిప్సో కెమేరా తయారుచేశాడు. దాని హక్కులు తీసుకుని 1963లో నికాన్ కంపెనీ నికోనోస్‌గా అమ్మింది. మరో పాయ జపాన్ కట్టడాల మీద పుట్టింది. 1980ల చివర్లో కోనికా ఒక ఫిల్ము కెమేరా తెచ్చింది. పేరు గెంబా కంతోకు, అంటే తెలుగులో సైటు మేస్త్రీ. దుమ్మూ వానా పట్టించుకోకుండా, గ్లోవ్స్ వేసుకున్న చేత్తో నొక్కి, ఏ రోజు ఎంత పని జరిగిందో రికార్డు చేసుకోవడానికి చేసింది. అందం సంగతి తరవాత, ముందు రుజువు కావాలి. 2006లో ఒలింపస్ మ్యూ 720 ఎస్‌డబ్ల్యూ వచ్చింది, 3 మీటర్ల నీళ్ళు, మీటరున్నర ఎత్తునుంచి పడటం తట్టుకునేది. 2012లో టీజీ-1, 2015లో రా ఫైళ్ళిచ్చే టీజీ-4, 2019లో నా టీజీ-6. 2021లో ఒలింపస్ కెమేరా వ్యాపారం చేతులు మారింది, 2023లో టీజీ-7 ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చింది.

ఎస్సెల్లార్ వంశం పత్రికాఫీసుల్లో మొదలైంది. 1991లో కొడాక్, నికాన్ ఎఫ్3 బాడీకి డిజిటల్ వెనకభాగం తగిలించి డీసీఎస్ చేసింది. 1.3 మెగాపిక్సెళ్ళు. ఫోటోలు దాచే పెట్టెని విడిగా భుజానికి వేలాడేసుకోవాలి. 1999లో నికాన్ డి1, 2003లో వెయ్యి డాలర్ల లోపు వచ్చిన కానన్ 300డి. అక్కణ్ణుంచి మనవాళ్ళ చేతికి వచ్చేసింది. ఆ రోజుల్లో ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చే కుర్రాడి బ్యాగులో చాక్లెట్లతో పాటు ఒక ఎస్సెల్లార్ ఉండాల్సిందే! 2008 నాటి డి90 వీడియో కూడా తీయగలిగిన మొదటి డిజిటల్ ఎస్సెల్లార్.

అంకెల్లోకి వెళ్దాం. డి90 సెన్సరు 23.6 మి.మీ. పొడవు, 15.8 మి.మీ. వెడల్పు. టీజీ-6 ది సుమారు 6.2, 4.6. విస్తీర్ణం లెక్కేస్తే డి90 ది పదమూడు రెట్లు పెద్దది. మెగాపిక్సెళ్ళు ఒకటే కాబట్టి ఒక్కో పిక్సెలుకి పడే జాగా కూడా పదమూడు రెట్లే. టీజీ-6 సెన్సరు పదకొండేళ్ళు కొత్తది, సాంకేతికంగా మెరుగైనది, కొంత తేడా అక్కడ పూడుతుంది, కానీ అంతా పూడదు. బరువు చూస్తే టీజీ-6 బ్యాటరీతో కలిపి 253 గ్రాములు. డి90, దాని 18-105 లెన్సు కలిపి కిలో దాటుతుంది. టీజీ-6 నీళ్ళల్లో 15 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తునుంచి పడటం, 100 కేజీల ఒత్తిడి తట్టుకుంటుందని కంపెనీ మాట. డి90కి అలాంటి హామీలేం లేవు. తమాషా ఏంటంటే రెండిటి మాన్యువల్లోనూ 40 డిగ్రీల వేడి వరకే వాడమని రాసుంటుంది. మైనస్ 10 చలికి తట్టుకునే కెమేరా ఉంది గానీ నందిగామ మే నెలకి తట్టుకునే కెమేరా ఎవరూ చెయ్యలేదన్నమాట. అక్కడ 45 దాటడం వింతేం కాదు మరి.

మా మెట్టలో ఈ అంకెలకి అర్థం తెలిసేది మూడు చోట్ల.

మొదటిది తిరునాళ్ళు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ విగ్రహాలకి రంగులు వేయించడానికి రెండేళ్ళకోసారి జగ్గయ్యపేట తీసుకొస్తారు. రాత్రి ఊరేగింపు, దివిటీలు, పసుపూ కుంకుమా, జనం. ఇక్కడ డి90దే రాజ్యం. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు పెడితే దీపం వెలుగులో ముఖాలు పట్టుకోగలదు. టీజీ-6 జూమ్ చివర్లో ఎఫ్/4.9కి వెళ్ళిపోతుంది. సెన్సరు తేడా, లెన్సు తేడా కలిపి కాగితం మీద లెక్కేస్తే సెన్సరుకి చేరే వెలుగులో దాదాపు వంద రెట్ల తేడా. వ్యూఫైండర్లో కన్నుపెట్టి చూస్తూ, మనిషి తలతిప్పే క్షణానికి నొక్కడం కూడా దాన్లోనే కుదురుతుంది.

రెండోది శాసనాలు. అరిగిపోయిన అక్షరం ఎదురు వెలుగులో కనపడదు, పక్కనుంచి వాలుగా వెలుగు పడాలి. డి90 మీదున్న చిన్న ఫ్లాషు, దూరంగా పెట్టిన ఇంకో ఫ్లాషుని తీగ లేకుండా వెలిగించగలదు. రాతి పక్కన నేలమీద ఫ్లాషు పెట్టి కొడితే, పట్టపగలు కనపడని గీతలు లేచొస్తాయి. టీజీ-6తోనైతే నేను ఆ పని టార్చిలైటు పట్టుకునే ఒక మనిషి సాయంతో, నీడలో చేస్తాను. కానీ టీజీ-6కి ఒక విద్య ఉంది. మైక్రోస్కోప్ మోడ్‌లో రాతికి సెంటీమీటరు దూరం దాకా వెళ్తుంది. ఒక్క అక్షరం లోపల ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో చూడొచ్చు. కాబట్టి ఇక్కడ చెరిసగం.

మూడోది మున్నేరు. 2023 జులై చివర్లో నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు హైవే మీదికొచ్చి హైదరాబాదు బళ్ళన్నీ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు 1న మళ్ళీ అదే కథ. అలాంటి రోజున నీళ్ళు ఏ మైలురాయి దాకా వచ్చాయి, ఏ ఇంటి గోడమీద ఎంత ఎత్తున మరక మిగిలింది అన్నది కూడా చరిత్రే. రేపు వంతెన కట్టే ఇంజినీరుకి కావల్సింది అదే. ఆ వానలో ఎస్సెల్లార్ బయటికి తీసే ధైర్యం ఎవరికుంటుంది? అక్కడికి సైటు మేస్త్రీ వంశమే పనికొస్తుంది. దాని మూతల చుట్టూ ఉండే రబ్బరు మీద ఇసుకరేణువు లేకుండా తుడుచుకోవడం మాత్రం మర్చిపోకూడదు. ఒక్క రేణువు చాలు, నీళ్ళు లోపలికి పోవడానికి.

"ఇంత గోల దేనికి, ఫోన్ ఉందిగా?" అంటారని తెలుసు. నిజమే, ఇప్పటి మంచి ఫోన్ల సెన్సరు టీజీ-6 కంటే పెద్దది, నీళ్ళకీ తట్టుకుంటాయి. ఊరికే ఫోటోకి ఫోనే హాయి. నా అభ్యంతరం ఒక్క శాసనాల దగ్గరే. ఫోన్ తీసేది ఫోటో మాత్రమే కాదు, దానిమీద బోలెడు లెక్కలు వేసి మనకి నచ్చేలా దిద్దుతుంది. 2023 మార్చిలో చంద్రుడి ఫోటోల మీద జరిగిన రభస గుర్తుండే ఉంటుంది. కావాలని మసకగా చేసిన చంద్రుడి బొమ్మని ఒక ఫోనుతో తీస్తే, బొమ్మలో లేని గుంటలు ఫోటోలో వచ్చాయి. చంద్రుడికి చేస్తే ముచ్చటే. అరిగిన బ్రాహ్మీ అక్షరానికి లేని కొమ్ము తగిలిస్తే రాజు పేరే మారిపోతుంది. శాసనానికి మాత్రం దిద్దని రా ఫైలు కావాలి. ఈ రెండు కెమేరాలూ అది ఇస్తాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఏది మంచిది? ఫోటోగా చూస్తే డి90. సందేహం లేదు. చరిత్రకి పనికొచ్చేది ఏదంటే, నా ఓటు టీజీ-6కి. కారణం దాని గట్టిదనం ఒక్కటే కాదు. దాన్లో జీపీఎస్ ఉంది, దిక్సూచి ఉంది. తీసిన ప్రతి ఫోటోకీ ఎక్కడ, ఎప్పుడు అన్నవి అంటుకుని వస్తాయి. డి90కి జీపీఎస్ కావాలంటే విడిగా కొని తగిలించాలి. అమరావతి కథలో మనం పోగొట్టుకున్నది స్పష్టత కాదు కదా. ట్రైప్ దగ్గర స్పష్టత దండిగా ఉంది. పోయింది "ఎక్కడ" అన్న ఒక్క ముక్క. సిద్ధార్థుడు రాతి మీద దాన్ని రాయడం మర్చిపోలేదు. పదహారు వందల ఏళ్ళ తరవాత తవ్విన దొరలు మర్చిపోయారు.

ఇదేదో పాత గొడవ అనుకోకండి. మన ఊళ్ళల్లో ఇప్పుడు కూడా అదే జరుగుతోంది. రోడ్డు వెడల్పు చేస్తే వేపచెట్టు కింది వీరగల్లు పక్కకి జరుగుతుంది, మరుసటేడు ఇంకో పక్కకి, ఆ పైన కనపడదు. గుడికి జీర్ణోద్ధరణ అంటే శాసనం ఉన్న స్తంభానికి ఎనామిల్ రంగు. ఎవరినీ తిట్టాల్సిన పనిలేదు, వాళ్ళు భక్తితోనే వేస్తారు. కానీ రంగు పడకముందు, రాయి కదలకముందు ఒక ఫోటో, అది ఎక్కడిదో తేదీతో సహా, ఉంటే చాలు. తరవాత వచ్చే పండితుడికి అది మెకంజీ బొమ్మంత విలువైనది.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ముందు దూరంనుంచి, చుట్టుపక్కల చెట్టూ గోడా కనపడేలా ఒక ఫోటో. తరవాత దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి. మండపం లోపల జీపీఎస్ దొరకదు కాబట్టి బయట ఆకాశం కనిపించేచోట ఒకటి తీసి లోపలికి వెళ్తాను. డి90 వాడే రోజైతే మొదటి ఫోటో ఫోన్లో గడియారానికి తీస్తాను. ఫోన్లో దారి రికార్డు చేస్తే, ఇంటికొచ్చాక సమయాలు సరిపోల్చి ఎక్కడ తీశామో ఫైళ్ళకి ఎక్కించొచ్చు. పదిలైన్ల స్క్రిప్టు, మనకో లెక్కా! ఆ పైన ఊరి పేరు, రాతి మీద ఏముంది అన్నది తెలుగులో ఒక టెక్స్టు ఫైల్లో రాసి, రెండు వేరువేరు చోట్ల దాస్తాను.

అంచేత ధనంబోడు ఎక్కేటప్పుడు నా జేబులో టీజీ-6 ఉంటుంది. డి90 కార్లో ఉంటుంది, చదవాల్సిన అక్షరం కనబడితే దిగొచ్చి తీసుకెళ్తాను. మీ బీరువాలో పాత ఎస్సెల్లార్ మూలుగుతుంటే పారేయకండి, దానికి ఇంకా పని ఉంది. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఏ కెమేరా ఉంటే అది పట్టుకుని, మీ ఊరి గుడి వెనకాల పడున్న రాళ్ళ దగ్గరికి ఒక్కసారి వెళ్ళిరండి. టైము సెట్ చేసుకోవడం మర్చిపోకండేం.